అనుమానపు జాబితా నుంచి హక్కుల జాబితా దాకా: తెలంగాణ నపుంసకుల చట్టం (1329 ఫసలీ), ట్రాన్స్‌జెండర్ సమితి కృషి – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:

నిజాం పాలనాకాలంలో 1329 ఫసలీ (క్రీ.శ. 1919)లో రూపొందిన నపుంసకుల చట్టం హిజ్రాల పేర్లను, నివాసాలను పోలీసు జాబితాలోకి ఎక్కించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. రాజ్యాంగం అమలులోకి వచ్చిన తరువాత కూడా అది కొనసాగింది. 2018లో దానిపై సవాలు దాఖలైంది. 2023 జూలై 6న తెలంగాణ ఉన్నత న్యాయస్థానం దానిని కొట్టివేసింది. ఆ చట్టం పుట్టుపూర్వోత్తరాలను, దానిని ఎదిరించడంలో తెలంగాణ హిజ్రా ఇంటర్‌సెక్స్ ట్రాన్స్‌జెండర్ సమితి, దానితో కలిసి నడిచిన ఉద్యమకారులు చేసిన కృషిని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. లైంగిక అల్పసంఖ్యాకుల హక్కుల చరిత్రను దేశస్థాయి తీర్పుల వరుసగా మాత్రమే చదివితే రాష్ట్రస్థాయిలో జరిగిన పని కనుమరుగవుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: హిజ్రాలు, ట్రాన్స్‌జెండర్ హక్కులు, నేరస్థ తెగల చట్టం, హైదరాబాదు సంస్థానం, నల్సా తీర్పు, తెలంగాణ.

1. ప్రవేశిక:

భారతదేశంలో లైంగిక అల్పసంఖ్యాకుల హక్కుల చరిత్రను చెప్పేటప్పుడు సాధారణంగా కొన్ని తేదీలు వరుసగా వినిపిస్తాయి. 2009 జూలై 2న నాజ్ ఫౌండేషన్ కేసులో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం తీర్పు, 2013 డిసెంబరు 11న దానిని తోసిపుచ్చిన సుప్రీంకోర్టు తీర్పు, 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పు, 2018 సెప్టెంబరు 6న నవతేజ్ సింగ్ జోహార్ తీర్పు ఆ వరుసలోనివి. ఇవన్నీ ఢిల్లీలో వెలువడినవే. ఈ వరుసను చదివినవారికి 2018 నాటికి చట్టం దృష్టిలో నేరస్థులనే ముద్ర తొలగిపోయిందనే అభిప్రాయం కలుగుతుంది.

తెలంగాణ విషయంలో ఆ అభిప్రాయం సరికాదు. భారత శిక్షాస్మృతిలోని 377వ సెక్షను పరిధిని సుప్రీంకోర్టు కుదించిన నాటికి కూడా తెలంగాణ శాసనగ్రంథంలో హిజ్రాలను మాత్రమే లక్ష్యంగా చేసుకొన్న ప్రత్యేక చట్టం ఒకటి మిగిలే ఉంది. అది పార్లమెంటు చేసిన చట్టం కాదు కనుక దేశస్థాయి వ్యాజ్యాలు దానిని నేరుగా తాకలేదు. దానిని వెలికితీసి, న్యాయస్థానం ముందు నిలబెట్టి, రద్దు చేయించే పని రాష్ట్రంలోని వారే చేయవలసి వచ్చింది. ఆ కథనం ఈ వ్యాసానికి ఆధారం.

ఇక్కడ పదప్రయోగం గురించి ఒక మాట. ‘నపుంసకుడు’ అనే పదం కించపరిచేది. చట్టం పేరును సూచించే సందర్భంలో మాత్రమే అది ఈ వ్యాసంలో కనిపిస్తుంది. తక్కినచోట్ల సముదాయం తనకు తాను వాడుకొనే హిజ్రా, ట్రాన్స్ మహిళ, ట్రాన్స్‌జెండర్ అనే పదాలనే స్వీకరించడమైంది.

2. చట్టానికి పూర్వరంగం:

ముస్లిం పాలకుల దర్బారులలో ఖ్వాజాసరాలు అంతఃపుర రక్షకులుగా, అధికారులుగా ఉండేవారు. హిజ్రాలది అంతకంటే భిన్నమైన సామాజిక వ్యవస్థ. గురువు, చేలా అనే బంధంతో, ఇంటిపేర్లవంటి ఘరానాలతో, శుభకార్యాలలో దీవెనలిచ్చి బధాయి స్వీకరించే వృత్తితో అది నడిచింది. 1990లలో హైదరాబాదు, సికింద్రాబాదులలో క్షేత్రపరిశోధన చేసిన మానవశాస్త్రవేత్త గాయత్రీ రెడ్డి ఇక్కడి హిజ్రాలలో షెహర్‌వాలా, లష్కర్‌వాలా అనే రెండు ఇళ్లను పేర్కొన్నారు. మొదటిది పాత నగరాన్ని, రెండవది సైనిక శిబిరంగా ఎదిగిన సికింద్రాబాదును గుర్తుచేసే పేరు. నగర చరిత్రే ఈ ఇళ్ల పేర్లలో నిలిచిపోయిందన్నమాట.

ఈ సముదాయం నేరస్థుల జాబితాకెక్కడానికి మూలం ఉత్తర భారతంలో ఉంది. 1852లో వాయవ్య రాష్ట్రాలలోని మైన్‌పురిలో ఒక హిజ్రా హత్యకు గురైంది. ఆ కేసు విచారణ సందర్భంగా ఆంగ్లేయ అధికారులు హతురాలి సముదాయాన్నే ప్రమాదకరమైనదిగా చూడసాగారని చరిత్రకారిణి జెస్సికా హించీ వివరించారు. తరువాతి రెండు దశాబ్దాలలో ఆ భయం శాసనరూపం ధరించింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం రెండు భాగాలుగా వచ్చింది. మొదటిది కొన్ని తెగలను పుట్టుకతోనే నేరస్థులుగా ప్రకటించింది. రెండవది హిజ్రాలకు సంబంధించినది. పిల్లలను ఎత్తుకుపోతారని, వారి జననాంగాలను తొలగిస్తారని, ‘అసహజ నేరాలు’ చేస్తారని అనుమానం కలిగినవారి పేర్లను నమోదు చేయాలని అది ఆదేశించింది. పేరు నమోదైనవారు స్త్రీవేషంలో బహిరంగస్థలంలో కనిపిస్తే శిక్ష పడేది. మైనరుకు సంరక్షకులుగా ఉండడానికి, దానపత్రం, వీలునామా రాయడానికి, దత్తత తీసుకోవడానికి వారికి అర్హత ఉండేది కాదు. ఒక తరం నుంచి మరొక తరానికి సముదాయం కొనసాగే దారులన్నింటినీ మూసివేయడం ఈ నిబంధనల ఉద్దేశంగా కనిపిస్తుంది.

ఈ దృక్పథం న్యాయస్థానాలలో ఏ విధంగా పనిచేసిందో 1884 నాటి ఖైరాతి కేసు తెలుపుతుంది. స్త్రీవేషంలో పాటలు పాడుతున్న వ్యక్తిని అరెస్టు చేసి, వైద్యపరీక్షకు గురిచేసి, దిగువ న్యాయస్థానం 377వ సెక్షను కింద శిక్షించింది. నేరం ఎప్పుడు, ఎక్కడ, ఎవరితో జరిగిందో రుజువు లేనందున అలహాబాదు ఉన్నత న్యాయస్థానం ఆ శిక్షను రద్దు చేసింది. వేషం, పాట, దేహపరీక్ష అనే మూడింటితోనే ఒక మనిషిని నేరస్థుడిగా తేల్చిన పద్ధతి ఇక్కడ గమనార్హం. సుప్రీంకోర్టు నల్సా తీర్పులో ఈ కేసును ప్రస్తావించింది.

3. 1329 ఫసలీ చట్టం – స్వరూపం:

1911లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం నేరస్థ తెగల చట్టాన్ని కొత్తగా రాసినప్పుడు హిజ్రాలకు సంబంధించిన భాగానికి అందులో చోటివ్వలేదు. ఎనిమిదేళ్ల తరువాత, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, హైదరాబాదు సంస్థానం దాదాపు అవే నిబంధనలతో నపుంసకుల చట్టాన్ని చేసింది. సంస్థాన పాలనలో వాడుకలో ఉన్న ఫసలీ సంవత్సరానికి 590 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. కనుక 1329 ఫసలీ అంటే 1919.

చట్టంలోని ముఖ్యాంశాలు ఇవి. పురుషులుగా పుట్టి, తాము నపుంసకులమని ఒప్పుకొన్నవారు, లేదా వైద్యపరీక్షలో అట్లా స్పష్టంగా తేలినవారు ఈ చట్టం పరిధిలోకి వస్తారు. మగపిల్లలను ఎత్తుకుపోవడం, వారి జననాంగాలను తొలగించడం, అసహజ నేరాలు చేయడం వంటి వాటి విషయంలో అనుమానం కలిగినవారి పేర్లను, నివాసాలను ప్రభుత్వం జాబితాలో ఎక్కించాలి. జాబితాకెక్కినవారు స్త్రీ దుస్తులతోగాని ఆభరణాలతోగాని వీధిలో కనిపించినా, పాడినా, ఆడినా, వినోద ప్రదర్శనలో పాల్గొన్నా వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. రెండేళ్ల వరకు జైలు, జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. పదహారేళ్లలోపు బాలుడిని తమ ఇంట ఉంచుకొన్నా శిక్ష తప్పదు.

ఈ నిబంధనలలో రెండు విషయాలు ప్రత్యేకంగా చెప్పుకోవలసినవి. మొదటిది, జాబితాకెక్కడానికి నేరనిరూపణతో పనిలేదు, అనుమానం చాలు. రెండవది, శిక్షార్హమైన పని హిజ్రాల జీవనాధారమే. ఆటపాటలతో బధాయి స్వీకరించే వృత్తిని నేరంగా మార్చిన తరువాత భిక్షాటన తప్ప మరో దారి మిగలదు. ఆ భిక్షాటనను మళ్లీ ఇంకొక చట్టం నిషేధిస్తుంది. హిజ్రాలు బిచ్చమెత్తుతారనే సామాజిక ఆరోపణ వెనుక ఈ శాసన చరిత్ర ఉంది.

4. పేరు మారుతూ బతికిన చట్టం:

1950లో రాజ్యాంగం అమలులోకి వచ్చింది. 13వ అధికరణం ప్రకారం ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన పాత చట్టాలు ఆ మేరకు చెల్లవు. కాని 372వ అధికరణం ప్రకారం పాత చట్టాలు రద్దయ్యేదాకా కొనసాగుతాయి. ఈ రెండింటి నడుమ, ఎవరైనా న్యాయస్థానానికి వెళ్లి ప్రశ్నించేదాకా, ఒక చట్టం పుస్తకంలో పదిలంగా ఉండిపోవచ్చు. నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయింది. దాని కింద ముద్రపడిన తెగలు విముక్త జాతులయ్యాయి. హైదరాబాదు నపుంసకుల చట్టం మాత్రం అట్లాగే మిగిలింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత అది ‘ఆంధ్రప్రదేశ్ (తెలంగాణ ప్రాంత) నపుంసకుల చట్టం’ అయింది. 2014లో రాష్ట్రం విడిపోయిన తరువాత ‘తెలంగాణ నపుంసకుల చట్టం’గా పిలవబడింది. రెండుసార్లు శీర్షిక మారింది, లోపలి విషయం మారలేదు.

వాడుకలో లేని చట్టం వల్ల హాని ఏమిటని ప్రశ్నించవచ్చు. దీనికి పొరుగు రాష్ట్రం సమాధానమిస్తుంది. 2011లో కర్ణాటక ప్రభుత్వం 1963 నాటి తన పోలీసు చట్టంలో 36ఎ అనే కొత్త సెక్షనును చేర్చింది. హైదరాబాదు చట్టానికి చాలా దగ్గరగా, హిజ్రాల జాబితా నిర్వహించే అధికారాన్ని అది పోలీసులకిచ్చింది. కర్ణాటక సెక్సువల్ మైనారిటీస్ ఫోరం దానిని న్యాయస్థానంలో సవాలు చేయగా, తరువాత ఆ సెక్షను నుంచి సముదాయాన్ని సూచించే పదాన్ని తొలగించారు. పాత చట్టం పుస్తకంలో ఉన్నంతకాలం అది కొత్త చట్టాలకు నమూనాగా ఉపయోగపడగలదని ఈ ఉదంతం చెబుతున్నది. పైగా, చట్టం కింద కేసు పెట్టకపోయినా, పెట్టగలమనే అధికారం వీధిలోని పోలీసుకు, వీధిలోని హిజ్రాకు మధ్య సంబంధాన్ని నిర్ణయిస్తుంది.

5. సమితి నేపథ్యం, కార్యరంగం:

2014 ఏప్రిల్ 15న న్యాయమూర్తులు కె.ఎస్. రాధాకృష్ణన్, ఎ.కె. సిక్రీల ధర్మాసనం నల్సా తీర్పు వెలువరించింది. తమ లింగ గుర్తింపును తామే నిర్ణయించుకొనే హక్కు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఉన్నదని, వారిని సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గాలుగా పరిగణించి రిజర్వేషన్లు కల్పించాలని కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలను ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్‌లోని శివశక్తులను గురించిన ప్రస్తావన కూడా ఆ తీర్పులో ఉంది. ఒకటిన్నర నెలల తరువాత, జూన్ 2న, తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. తీర్పును అమలు చేయవలసిన ప్రభుత్వమే కొత్తది.

ఆ తొలినాళ్లలోనే హైదరాబాదులో ట్రాన్స్ మహిళలపై దాడులు జరిగాయి. 2015 జనవరిలో ఒక ట్రాన్స్ మహిళ హత్యకు గురైంది. నిరసనలు వెల్లువెత్తాయి. ఈ వాతావరణంలో తెలంగాణ హిజ్రా ఇంటర్‌సెక్స్ ట్రాన్స్‌జెండర్ సమితి ఒక రాష్ట్రస్థాయి వేదికగా గుర్తింపు పొందింది. మైన్‌పురిలో ఒక హిజ్రా హత్య ఆమె సముదాయానికి వ్యతిరేకమైన చట్టానికి దారితీసింది. నూట అరవై ఏళ్ల తరువాత హైదరాబాదులో జరిగిన హత్య ఆ సముదాయం తన తరఫున తానే మాట్లాడే ప్రయత్నానికి బలమిచ్చింది. ఈ తేడాకు కారణం ప్రభుత్వాల ఔదార్యం కాదు, సముదాయం సంఘటితం కావడమే.

సమితి పేరులోని మూడు పదాలు పరిశీలించదగినవి. హిజ్రా అనేది గురుచేలా వ్యవస్థకు చెందిన సాంస్కృతిక గుర్తింపు. ట్రాన్స్‌జెండర్ అనేది హక్కుల భాషకు చెందిన విశాలమైన పదం. ఇంటర్‌సెక్స్ అనేది పుట్టుకతో వచ్చే శారీరక వైవిధ్యానికి సంబంధించినది. ఈ మూడింటినీ ఒకే పేరు కిందికి తేవడం సంప్రదాయ జమాతులకు వెలుపల ఉన్నవారిని కూడా కలుపుకొనే ప్రయత్నం.

వీధిలో నిరసనతోపాటు శాసనాల ముసాయిదాలపై విమర్శ కూడా ఉద్యమంలో భాగమైంది. 2016లో కేంద్రం తెచ్చిన బిల్లు ట్రాన్స్‌జెండర్ వ్యక్తిని పూర్తిగా స్త్రీ కాని, పూర్తిగా పురుషుడు కాని వ్యక్తిగా నిర్వచించింది. గుర్తింపు పత్రానికి జిల్లా స్క్రీనింగ్ కమిటీని ప్రతిపాదించింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులను భిక్షాటనకు పురికొల్పడాన్ని నేరంగా పేర్కొంది. దేశవ్యాప్తంగా సముదాయ సంఘాలు వీటిని వ్యతిరేకించాయి. తెలంగాణవారి వ్యతిరేకతకు స్థానిక చరిత్ర అదనపు అర్థాన్నిచ్చింది. వైద్యపరీక్షతో హిజ్రాను తేల్చిన 1919 నాటి నిర్వచనం, మనిషిని పరిశీలించి తేల్చే స్క్రీనింగ్ కమిటీ ఒకే ఆలోచనకు రెండు రూపాలు. స్క్రీనింగ్ కమిటీ, భిక్షాటన నిబంధనలు రెండూ 2019 చట్టంలో లేకుండా పోయాయి.

ప్రచార రంగంలోనూ ఒక ప్రయత్నం జరిగింది. సమితికి చెందిన రచన ముద్రబోయిన 2017లో ‘ట్రాన్స్‌విజన్’ పేరుతో యూట్యూబ్ ఛానల్ ప్రారంభించడంలో ప్రధానపాత్ర వహించారు. తెలుగు, దక్కనీ ఉర్దూ, కన్నడ భాషలలో ట్రాన్స్ మహిళలే వ్యాఖ్యాతలుగా తమ చరిత్రను, చట్టాలను, అపోహలను చర్చించారు. హిజ్రాలు పిల్లలను ఎత్తుకుపోతారనే వదంతి 1871, 1919 చట్టాలకు పునాది. ఆ వదంతికి జవాబు చెప్పే ప్రజాభాషా వేదిక ఉద్యమానికి అవసరమైంది.

6. న్యాయపోరాటం:

సమితి ఉద్యమంలో పాలుపంచుకొన్న వైజయంతి వసంత మొగలి తదితరులు 2018లో నపుంసకుల చట్టాన్ని సవాలు చేస్తూ ప్రజాప్రయోజన వ్యాజ్యం (44/2018) దాఖలు చేశారు. అప్పటికి తెలుగు రాష్ట్రాలు రెండింటికీ హైదరాబాదులో ఉమ్మడి ఉన్నత న్యాయస్థానమే ఉండేది. 2018 సెప్టెంబరులో ఆ న్యాయస్థానం చట్టం అమలును నిలిపివేస్తూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. 377వ సెక్షనుపై సుప్రీంకోర్టు తీర్పు వెలువడినదీ ఆ నెలలోనే. ఒకటి దేశమంతా చర్చకు వచ్చింది. రెండవదానిని గమనించినవారు తక్కువ.

2020లో కోవిడ్ వ్యాప్తి సమయంలో మరో వ్యాజ్యం (74/2020) దాఖలైంది. రేషన్ కార్డు లేని కారణంగా ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఆహారధాన్యాలు, మందులు అందకుండా పోకూడదన్నది అందులోని అభ్యర్థన. కన్నవారి ఇంటికి దూరమైనవారికి కుటుంబం పేరుతో ఇచ్చే కార్డు దొరకడం కష్టం. అనుమానపు జాబితాలో సులభంగా చోటు దొరికినవారికి బియ్యం జాబితాలో చోటు దొరకని వైరుధ్యం ఈ రెండు వ్యాజ్యాలను పక్కపక్కన పెట్టినప్పుడు స్పష్టమవుతుంది.

2023 జూలై 6న ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కరరెడ్డిల ధర్మాసనం ఈ వ్యాజ్యాలపై తుది తీర్పు ఇచ్చింది. 1329 ఫసలీ చట్టం ఒక సముదాయం మొత్తాన్ని నేరస్థులుగా చిత్రించిందని, నేరస్థ తెగల చట్టంతో దానికి పోలిక ఉన్నదని, అది వ్యక్తుల గోప్యతకు, గౌరవానికి భంగకరమని పేర్కొంది. రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమైనదిగా దానిని కొట్టివేసింది. అంతటితో ఆగక, విద్య, ప్రభుత్వోద్యోగాలలో ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు రిజర్వేషన్ల విషయంలోను, ‘ఆసరా’ పింఛను పథకంలోకి వారిని చేర్చే విషయంలోను, రాష్ట్ర సంక్షేమ మండలి విషయంలోను ప్రభుత్వానికి నిర్దేశాలిచ్చింది.

7. రాష్ట్రస్థాయి కృషి ప్రాముఖ్యం:

రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం శాంతిభద్రతలు, పోలీసు శాఖ రాష్ట్ర జాబితాలోని అంశాలు. పింఛన్లు, రేషన్ కార్డులు, వసతిగృహాలు, ప్రభుత్వ ఆసుపత్రులు రాష్ట్ర యంత్రాంగం ద్వారానే మనిషిని చేరుతాయి. దైనందిన జీవితంలో ఒక ట్రాన్స్ మహిళకు ఎదురయ్యే ప్రభుత్వం రాష్ట్ర ప్రభుత్వమే. అందువల్ల ఢిల్లీలో గెలిచిన హక్కు వీధిదాకా రావడానికి రాష్ట్రస్థాయి సంఘం అవసరం. 2008లో తమిళనాడు సంక్షేమ మండలిని, 2015లో కేరళ ట్రాన్స్‌జెండర్ విధానాన్ని తేవడం ఈ మాటనే బలపరుస్తాయి.

ఎల్‌జీబీటీ అనే ఉమ్మడి పేరులోని అందరి సమస్యలూ ఒకే స్థాయిలో పరిష్కారం కావన్నది కూడా ఇక్కడ గుర్తించాలి. 377వ సెక్షను, వివాహ గుర్తింపు వంటివి కేంద్ర శాసనాలతో ముడిపడినవి. స్వలింగ వివాహాలకు గుర్తింపును 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు నిరాకరించింది. హిజ్రాల సమస్యలు వీధి, ఠాణా, తహశీల్దారు కార్యాలయం చుట్టూ తిరుగుతాయి. రాష్ట్రస్థాయి ఉద్యమానికి ట్రాన్స్ మహిళలు ముందు నిలవడానికి ఈ వ్యత్యాసం ఒక ముఖ్య కారణమని భావించవచ్చు.

8. జాబితా ఎవరి చేతిలో?

2011 జనగణనలో స్త్రీ, పురుష గడులతోపాటు ‘ఇతరులు’ అనే గడి చేరింది. అందులో దేశం మొత్తంమీద 4,87,803 మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43,769 మంది నమోదయ్యారు. సంక్షేమ పథకానికి లెక్క కావాలి. లెక్కకు పేరు కావాలి. కాని తరతరాలుగా పేరు రాయించుకోవడమంటే పోలీసు దృష్టిలో పడడమే అయిన సముదాయం కొత్త జాబితాను వెంటనే నమ్మగలదా? ఇది ఉద్యమం ఎదుర్కొన్న క్లిష్టమైన ప్రశ్న.

2019 చట్టం 2020 జనవరి 10న అమలులోకి వచ్చింది. గుర్తింపు పత్రాన్ని జిల్లా మేజిస్ట్రేటు జారీ చేసే పద్ధతిని అది నెలకొల్పింది. తమ గుర్తింపును తామే నిర్ణయించుకోవచ్చని నల్సా తీర్పు చెప్పిన తరువాత మళ్లీ అధికారి సంతకం దేనికన్నది సముదాయ సంఘాల ఆక్షేపణ. మరొక ఆక్షేపణ శిక్షలకు సంబంధించినది. ఆ చట్టం ట్రాన్స్‌జెండర్ వ్యక్తిపై లైంగిక దాడి చేసినవారికి విధించగల గరిష్ఠశిక్ష రెండేళ్లు. 1919 చట్టం వీధిలో నాట్యం చేసిన హిజ్రాకు విధించిన గరిష్ఠశిక్ష కూడా రెండేళ్లే. నూరేళ్ల ఎడంలో వచ్చిన ఈ రెండు చట్టాలను కలిపి చదివితే, నేరస్థురాలనే ముద్ర తొలగడం, సమాన పౌరురాలిగా విలువ దక్కడం రెండూ ఒకటి కావని తేటతెల్లమవుతుంది.

అయినా మార్పు లేదనలేము. 2022లో తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగం ‘ప్రైడ్ ప్లేస్’ పేరుతో ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల రక్షణకు ప్రత్యేక విభాగాన్ని ఏర్పాటు చేసింది. అదే సంవత్సరం ఉస్మానియా ఆసుపత్రిలో ఇద్దరు ట్రాన్స్‌జెండర్ వైద్యులు ప్రభుత్వ సేవలో చేరారు. 2024 డిసెంబరులో హైదరాబాదు ట్రాఫిక్ పోలీసు విభాగంలో 39 మంది ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు సహాయకులుగా విధుల్లోకి వచ్చారు. స్త్రీ దుస్తులతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయమన్న నగరంలోనే, నూట అయిదేళ్ల తరువాత, వారు పోలీసుశాఖ తరఫున కూడళ్లలో వాహనాలను నియంత్రిస్తున్నారు.

9. ముగింపు:

పై పరిశీలనను బట్టి కొన్ని అంశాలను నిర్ధారించవచ్చు.

1) హిజ్రాలను నేరస్థులుగా చూడడం వలసపాలనలో శాసనరూపం పొంది, బ్రిటిష్ ఇండియా దానిని వదిలివేసిన తరువాత సంస్థాన చట్టంగా హైదరాబాదులో కొనసాగింది.

2) వాడుక తప్పిన చట్టం నిర్జీవమైనదని అనుకోరాదు. కర్ణాటకలో 2011లో చేర్చిన సెక్షను అందుకు నిదర్శనం.

3) దేశస్థాయి తీర్పులు సూత్రాన్ని నెలకొల్పుతాయి. ఆ సూత్రానికి విరుద్ధమైన స్థానిక చట్టాన్ని వెతికి, ప్రశ్నించి, తొలగించే బాధ్యత రాష్ట్రస్థాయి సంఘాలు, ఉద్యమకారులు వహించారు.

4) తెలంగాణలో ఈ పోరాటం జాబితా అనే అంశం చుట్టూ సాగింది. అనుమానంతో ప్రభుత్వం రాసే పేరుకు, హక్కు కోసం మనిషి స్వయంగా రాయించుకొనే పేరుకు గల తేడాయే ఈ నూరేళ్ల చరిత్రలోని సారాంశం.

హైదరాబాదు నగర పోలీసు చట్టం (1348 ఫసలీ), 1977 నాటి భిక్షాటన నివారణ చట్టం వంటివి హిజ్రాల జీవితాలపై చూపిన ప్రభావాన్ని విడిగా అధ్యయనం చేయవలసి ఉంది. ఠాణా రికార్డులతోపాటు జమాతులలోని వృద్ధ గురువుల మౌఖిక కథనాలను సేకరిస్తేనే ఈ చరిత్ర సమగ్రమవుతుంది. ఇంతకాలం పోలీసు రాసిన జాబితాలలో మాత్రమే కనిపించినవారి కథ వారి మాటల్లోనే నమోదు కావడం తెలంగాణ సామాజిక చరిత్ర రచనకు తక్షణావసరం.